జత కలవని చక్రాలు

ముందు చక్రం ముప్పై అయిదు, వెనక చక్రం అరవై. మా ముందుగదిలో గోడకు ఆనించి ఉన్న ఆ రెండింటినీ చూసిన మొదటి నిమిషంలోనే, ఎవరో మా అమ్మాయికి టోపీ పెట్టారని తేల్చేసుకున్నాను.

ఆ అంకెలు మిల్లీమీటర్లు. టైరు కూర్చునే అంచు నుంచి పుల్లలు మొదలయ్యే చోటు దాకా రిమ్ము ఎంత దిగితే అంత లోతు అని లెక్క. మామూలు సైకిలు రిమ్ము బొటనవేలు వెడల్పు కూడా ఉండదు. ఇవి కార్బన్‌తో చేసిన పందెపు చక్రాలు. లోతు పెరిగితే గాలి వాటిని తక్కువగా పట్టి లాగుతుందట, అంతే శ్రమకు కాస్త ఎక్కువ వేగం వస్తుందట. అదంతా నేను ఒప్పుకుంటాను. కానీ ఒకే సైకిలుకు ఒకటి చిన్నదీ ఒకటి పెద్దదీ ఏమిటి?

నేను ముప్పై ఒక్క సంవత్సరాలు రైలుపెట్టెల చక్రాలు పరీక్షించాను. ఫిజిక్సులో డిగ్రీ చేసి ఆ ఉద్యోగంలో చేరాను. బండి ఆగగానే పొడుగు పిడి ఉన్న చిన్న సుత్తితో ఒక్కో చక్రాన్నీ కొట్టి వినడం నా పని. మంచి చక్రం గంటలా మోగుతుంది. పగులున్నది దబ్‌మంటుంది. బాగుంటే పెట్టె మీద సుద్దముక్కతో ఒక టిక్కు పెట్టి ముందుకు నడిచేవాణ్ణి. ఒకే ఇరుసు మీది రెండు చక్రాలకు అర మిల్లీమీటరు తేడా కనిపించినా ఆ పెట్టెను కదలనిచ్చేవాణ్ణి కాదు. నాతో పుచ్చకాయలు కొనడానికి రావాలంటే మా ఆవిడ సిగ్గుపడేది. "మీరు అన్నీ కొట్టి వినేసరికి ఆయన బండి తోసుకుని ఇంటికి పోతాడు" అనేది. ఆవిడ పోయి నాలుగేళ్ళయింది. ఇప్పటికీ పుచ్చకాయల దగ్గర నా వేళ్ళు కాస్త తటపటాయిస్తాయి.

"నాన్నా, అలా చూడకు. అవి దొంగసొత్తేం కాదు" అంది బుజ్జి, వంటగదిలోంచి.

"ఎవరిచ్చారు?"

"సైకిళ్ళక్క."

మూడు వీధుల అవతల సైకిళ్ళు బాగుచేసే కొట్టు నడిపే ఆవిణ్ణి ఇక్కడి పిల్లలంతా అలాగే పిలుస్తారు. నేను ఆవిణ్ణి చూడలేదు. నా పాత ఇనుప సైకిలుకు ఏం వచ్చినా నేనే చూసుకుంటాను.

"ఎంతకి?"

"ఊరికే. ఆదివారం పందెం దాకా వాడి చూడమంది. నచ్చితే అప్పుడు మాట్లాడుకుందాం అంది."

"ఊరికే ఎందుకిస్తుంది?"

"లోకంలో మంచివాళ్ళు కూడా ఉంటారు నాన్నా."

"ఉంటారు. వాళ్ళు జత ఇస్తారు. ఇవి రెండు జతల్లో మిగిలిపోయిన రెండు ఒంటరి చక్రాలు. నీకు అంటగట్టింది."

"నువ్వు రైలు దిగవా ఇక?" అని నవ్వుతూ, జుట్టు ముడేసుకుని డ్యూటీకి వెళ్ళిపోయింది. బుజ్జి రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. బరువు నలభై ఏడు కిలోలు. పెద్దగాలి వీస్తే గొడుగు పట్టుకుని వెళ్ళొద్దని వాళ్ళమ్మ నిజంగానే చెప్పేది.

ఆ గాలే నా భయం. ఆదివారం పందెం నలభై కిలోమీటర్లు. ఒక్కొక్కరినే నిమిషం తేడాతో వదులుతారు. సగం దూరంలో నది సముద్రంలో కలిసే చోట పొడవాటి వంతెన ఉంది. కిందటేడు బుజ్జి పదకొండు సెకన్ల తేడాతో జిల్లా జట్టులో చోటు పోగొట్టుకుంది. ఆ పదకొండు సెకన్ల కోసమే ఇప్పుడీ చక్రాలు. నా లెక్క వేరు. ఇంట్లో మిగిలింది ఇద్దరం. జట్టు వచ్చినా రాకపోయినా, ఆ వంతెన మీద నా కూతురు పడకుండా ఇంటికి రావాలి. నాకు అంతే చాలు.

తను వీధి మలుపు తిరిగాక చక్రాన్ని ఒళ్ళో పెట్టుకుని, ఒక నాణెంతో రిమ్ము చుట్టూ కొట్టాను.

దబ్. దబ్. దబ్.

ఎక్కడా మోగలేదు. రెండో చక్రమూ అంతే. పైగా వెనక చక్రం అంచున గోరంత మేర నలుపు మెరుపు తేడాగా ఉంది. పైన రంగు పూసి దేన్నో కప్పెట్టారు. ఇక నాకు అనుమానం కాదు, రుజువే దొరికిందనుకున్నాను. రెండు చక్రాలూ చెరో భుజానికి తగిలించుకుని బయల్దేరాను.

కొట్టు ఇరుకుగా ఉంది. గోడంతా ట్యూబులు, గొలుసులు. నలభై దాటిన ఆవిడ ఒక చక్రాన్ని స్టాండు మీద తిప్పుతూ, వంకర తీస్తోంది. చెవి మీద పెన్సిలు. కళ్ళు చక్రం మీంచి తిప్పకుండానే కాలితో స్టూలు నావైపు తోసింది, ఫ్యాను కూడా నావైపు తిప్పింది. మోసగత్తెలకు కూడా ఇంత మర్యాద ఉంటుందా అనుకున్నాను.

"కూర్చోండి అన్నయ్యగారూ. సుత్తి తెచ్చారా?"

ఉలిక్కిపడ్డాను.

"మీరొస్తారని బుజ్జి ముందే చెప్పింది లెండి."

"ఈ చక్రాలు చచ్చిపోయాయమ్మా. ఎక్కడ కొట్టినా మోగడం లేదు" అన్నాను, వీలైనంత కటువుగా.

"కార్బన్ మోగదండీ. అదంతా దారాలూ జిగురూ. దిండును కొడితే మోగుతుందా? చుట్టూ ఒకేలా పలికిందా, ఎక్కడన్నా మారిందా? అది చెప్పండి."

ఆలోచించాను. "ఒకేలానే. గాలి కొట్టే వాల్వు దగ్గర మాత్రం కాస్త గట్టిగా."

"అక్కడ పొరలు ఎక్కువేస్తారు. అయితే పగుళ్ళు లేవు. మీరే పాస్ చేశారు."

నా పరీక్షతో నన్నే కొట్టడం నాకు నచ్చలేదు. వెనక చక్రం అంచు చూపించాను. "మరి ఈ రంగు అతుకేమిటి?"

"కింద పడ్డప్పుడు గీసుకుంది. పైపూతే. లోపల దెబ్బ లేదు, చూశాను."

"ఎవరు పడ్డారు?"

ఆవిడ పుల్ల బిగించే తాళాన్ని పావుచుట్టు తిప్పింది. "ఎవరో ఒకరు పడతారు కదండీ" అంది.

ఈ జవాబు నేను ప్లాట్‌ఫారాల మీద చాలాసార్లు విన్నాను. ఏదో దాచేవాళ్ళు ఇలాగే మాట్లాడతారు. తలెత్తి గోడలు వెతికాను. పైన, కొక్కేనికి పాతచీర ముక్క చుట్టి వేలాడుతోంది ఇంకో చక్రం. గుడ్డ జారిన చోట లోతైన నల్లటి రిమ్ము.

"అది ఈ వెనకదాని జత కదా? అరవై?"

"అవును. అమ్మకానికి కాదు."

"ఇంకెవరికో దాచారన్నమాట."

"ఎవరికీ కాదు. ముఖ్యంగా మీ అమ్మాయికి కాదు." ఈసారి నావైపు తిరిగింది. "వెనక చక్రం ఫ్రేములో బిగిసి ఉంటుంది. ముందుది హ్యాండిల్‌తో పాటు తిరుగుతుంది. పక్కగాలి లోతైన రిమ్మును పట్టుకుంటే హ్యాండిల్‌ని లాగేస్తుంది. బరువు తక్కువ పిల్ల, పైగా ఆ వంతెన. అందుకే వెనక లోతుది, ముందు తక్కువది. వేగం పెద్దగా పోదు, ప్రాణం కుదురుగా ఉంటుంది."

ఫిజిక్సు చదివినవాణ్ణి, ఆ మాటలో తర్కం ఉందని తెలుస్తూనే ఉంది. కానీ చెవిలో పువ్వు పెట్టేవాళ్ళ మాటల్లోనూ తర్కం ఉంటుంది, లేకపోతే ఎవరూ పెట్టించుకోరు. ముప్పై ఒక్క సంవత్సరాల పాటు జత కలవని చక్రాలను ఆపేసిన మనిషిని నేను. నా కూతుర్నే అలాంటి వాటి మీద ఎక్కిస్తానా?

"నాకు జతే కావాలి" అన్నాను.

ఆవిడ లేచింది. నిచ్చెన వేసుకుని, కుడిచేత్తోనే చక్రాన్ని దించింది.

"తీసుకెళ్ళండి. ఒక్క షరతు. బుజ్జి కంటే ముందు మీరు తొక్కాలి. వంతెన మీద, మధ్యాహ్నం, గాలి లేచాక."

"ఇందులో మతలబేమిటి?"

"మతలబు గాలినే అడగండి."

బుజ్జి సైకిలు తెప్పించి, సీటు నాకు సరిపడా ఎత్తి, ఆ అరవై జతను తనే బిగించింది. బ్రేకులు రెండుసార్లు సరిచూసింది. ముప్పై అయిదును తన దగ్గరే ఉంచుకుంది. నేను గెలిచాననుకుంటూ బయటకు వచ్చాను. అంత తేలిగ్గా ఎందుకు ఒప్పుకుందా అని దారంతా ఆలోచిస్తూనే ఉన్నాను.

మర్నాడు మధ్యాహ్నం వంతెన ఎక్కాను. మొదటి అరకిలోమీటరు పక్కన ఎత్తైన గోడ ఉంటుంది. అక్కడ ఆ చక్రాలు అద్భుతం. కింద ఏదో సన్నగా వూఁ అని పాడుతుంటే, నా అరవై మూడేళ్ళూ ఎక్కడో వెనకబడి పోయాయి. ఇంత బాగున్నవాటిని ఆ మనిషి బుజ్జికి ఇవ్వనంది చూడు, అనుకున్నాను.

గోడ అయిపోయింది.

ఎవరో ఎదురుగా వచ్చి హ్యాండిల్ పట్టుకుని పక్కకు గుంజినట్టయింది. నేను తిప్పలేదు, అదే తిరిగింది. రెండు గజాలు రోడ్డు మధ్యకు కొట్టుకుపోయాను. సరిచేద్దామని ఒరిగేసరికి గాలి ఒక్కసారిగా ఆగింది, అటు పడబోయాను. మళ్ళీ వీచింది, ఇటు పడబోయాను. వెనక లారీ ఉందని అప్పుడే తెలిసింది. ఆ డ్రైవరు హారన్ కొట్టలేదు. కొట్టి ఉంటే బెదిరి పడిపోయేవాణ్ణి. వేగం తగ్గించి, వెనకొచ్చే బళ్ళకు అడ్డంగా లారీని నిలిపి, నేను దిగేదాకా ఓపిగ్గా ఆగాడు. వెళ్ళేటప్పుడు చెయ్యి ఊపాడు. అతని ముఖం కూడా నాకు సరిగా కనిపించలేదు.

నా బరువు డెబ్భై ఎనిమిది. సైకిలు తోసుకుంటూ వంతెన దిగేంతసేపూ నలభై ఏడు అన్న అంకె నా పక్కనే నడిచింది.

తిన్నగా కొట్టుకే వెళ్ళాను. ఆవిడ గ్లాసుతో మంచినీళ్ళు అందించింది. అప్పుడు చూశాను: ఎడమ మోచెయ్యి పూర్తిగా సాగడం లేదు, సగంలోనే ఆగిపోతోంది. నిన్న నిచ్చెన మీద ఒంటిచేత్తో చక్రం దించడం గుర్తొచ్చింది. రంగు అతుకూ గుర్తొచ్చింది.

"పడింది మీరే" అన్నాను.

"గోడ అయిపోయాక మూడో దీపస్తంభం దగ్గర. తొమ్మిదేళ్ళయింది. ఈ చక్రాలే. అప్పుడు నేనూ బుజ్జిలాగే ఉండేదాన్ని, యాభై కిలోలు. కొనేటప్పుడు ఎవరూ ఏమీ చెప్పలేదు. చక్కటి జత ఇచ్చారు."

చక్కటి జత అన్నప్పుడు ఆవిడ గొంతులో నిష్ఠూరం లేదు. నేనే తల దించుకున్నాను.

"నిన్ననే ఈ మాట చెప్పొచ్చు కదమ్మా?"

"చెబితే నమ్మేవారా?"

నిజాయితీగా ఆలోచించాను. "లేదు. మీ చేతిని కూడా నాణెంతో కొట్టి చూసేవాణ్ణి."

ఆవిడ నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. ముప్పై అయిదు చక్రం కొక్కేనికి లేదు, లోపల అటక మీదా లేదు. గాలి నింపి, తుడిచి, గుమ్మం పక్కనే ఆనించి ఉంది.

"ఇవాళే వస్తానని ఎలా తెలుసు?"

"తెలీదు. మొండిమనిషి కాబట్టి రేపటి దాకా పడుతుందేమో అనుకున్నా."

ఇంటికి వచ్చాక బుజ్జికి అంతా చెప్పాను, లారీ సంగతి తప్ప. అది పందెం అయ్యాక చెబుదామనుకున్నాను.

ఆదివారం పొద్దున్న, పందెం మొదలయ్యే చోట, ముందు చక్రాన్నీ వెనక చక్రాన్నీ నాణెంతో చుట్టూ కొట్టాను. దబ్, దబ్, దబ్. అంతటా ఒకేలా, వాల్వు దగ్గర కాస్త గట్టిగా. జేబులోంచి సుద్దముక్క తీసి ముందు రిమ్ము మీద టిక్కు పెట్టాను.

"నాన్నా! ఇదేంటి? అందరూ చూస్తున్నారు."

"పాస్ అని."

"తుడిచేస్తాను."

"తుడిస్తే బండి కదలడానికి వీల్లేదు."

తుడవలేదు. నేను అడ్డదారిన వంతెన చేరి మూడో దీపస్తంభం దగ్గరకు వెళ్ళేసరికి, సైకిళ్ళక్క అప్పటికే అక్కడ నిలబడి ఉంది. కొట్టు మూసి ఇంత దూరం ఎందుకొచ్చిందా అని పాత అలవాటు ఒకసారి తల ఎత్తింది. ఆవిడ వేళ్ళు రెయిలింగును పట్టుకున్న తీరు చూశాక ఆ అలవాటే మళ్ళీ తల దించుకుంది.

ఆ రోజు గాలి పొద్దున్నే లేచింది. బుజ్జి కంటే ముందు వచ్చిన అమ్మాయి గోడ దాటగానే అటూ ఇటూ ఊగి, బ్రేకులు పట్టి, నడక కన్నా కాస్త వేగంగా పోయింది. తరవాత బుజ్జి. గోడ చివర గాలి తగిలింది. ముందు చక్రం జానెడు పక్కకు కదిలింది. మళ్ళీ నిటారుగా నిలబడింది. మా ముందు నుంచి పోతున్నప్పుడు నా టిక్కు కనిపించలేదు, రిమ్ము మీద సన్నటి తెల్లని వలయం మాత్రం కనిపించింది. బుజ్జి మమ్మల్ని చూడలేదు. పక్కనున్నావిడ ఊపిరి వదలడం వినిపించింది.

నాలుగు సెకన్ల తేడాతో జట్టులోకి వచ్చింది. ఆ సాయంత్రం ముగ్గురం కొట్లో టీ తాగాం. నేను అడగకుండానే ఆవిడ ఫ్యాను మళ్ళీ నావైపు తిప్పింది. పైన కొక్కేనికి, చీరముక్కలో, ఆ అరవై చక్రం మళ్ళీ వేలాడుతోంది.

"దాన్నింకా ఎందుకమ్మా ఉంచడం? విరగ్గొట్టి పారెయ్యొచ్చుగా" అన్నాను.

"అమ్మో, అలా ఎలా? ఉండాలండీ" అంది ఆవిడ, నా గ్లాసులో ఇంకాస్త టీ పోస్తూ. "మీలాంటి నాన్నలు ఇంకా వస్తారు."