బావ గొంతున్న గేమ్ బాక్స్

బావ సంగీతం మాస్టారు. పక్షవాతం వచ్చాక ఆయనకు మాట పడిపోయింది. ఎడమచేతి బొటనవేలు మాత్రం చెప్పినట్టు వినేది. అక్క చేతులు ముడుచుకుని కూర్చునే మనిషి కాదు. బడిలో కంప్యూటర్ పాఠాలు చెప్పేది కాబట్టి, అటక మీదున్న పాత గేమ్ బాక్స్ దింపి, సొంతంగా రాసిన ప్రోగ్రామ్ ఒకటి అందులోకి ఎక్కించింది. బావ మీటలు నొక్కి తెర మీద మాటలు ఎంచుకుంటే పెట్టె వాటిని పలికేది. అదీ బావ గొంతుతోనే. ఆయన పాఠాల టేపుల నుంచి ఒక్కొక్క మాటా ఏరి నెలల తరబడి పేర్చింది మరి. గొంతు తిరిగొచ్చిన రోజు ఆయన మొదట అన్న మాట, "కాఫీలో చక్కెర తక్కువైంది."

చెల్లెలు ఆ పెట్టెలు తయారుచేసే కంపెనీలోనే ఇంజనీరు.

ఓ ఆదివారం అక్క ఫోన్ చేసింది. "ఒసేయ్, పొద్దున ఏదో అప్‌డేట్ వచ్చిందే. అప్పట్నుంచి మా ప్రోగ్రామ్ తెరుచుకోవట్లేదు. అనుమతి లేదంటోంది. నా పెట్టెకి ఇంకెవరి అనుమతే?"

చెల్లెలు పరుగున వెళ్ళింది. ఆమెను చూడగానే బావ అలవాటుగా మీట నొక్కాడు. పెట్టె పలకలేదు. మళ్ళీ నొక్కాడు.

"ఏదో పొరపాటు అయ్యుంటుందిలే బావా, కనుక్కుంటాను" అంది.

పొరపాటు కాదని ఆమెకు తెలుసు. కంపెనీ ఒప్పుకోని ప్రోగ్రామ్‌ను నడవనివ్వకుండా ఆ అప్‌డేట్‌లో పెట్టిన తాళం ఆమె రాసిందే. సొంతంగా రాసుకునేవాళ్ళకైనా వెసులుబాటు ఇద్దామని మీటింగులో ఒకతను అంటే, "ఆటల దొంగ కాపీలు ఆడేవాళ్ళు తప్ప ఎవరు వాడతారండీ?" అని కొట్టిపారేసిందీ ఆమే. రోజూ ఫోనులో వినే బావ గొంతు ఆ క్షణాన గుర్తుకే రాలేదు.

మర్నాడు మేనేజరును బతిమాలింది. "ఈ ఒక్క పెట్టెకీ మినహాయింపు ఇవ్వండి సార్."

ఆయన నిజంగానే బాధపడ్డాడు. "ఒకదానికి తెరిస్తే అన్నిటికీ తెరిచినట్టేనని మీరే కదమ్మా వాదించారు? ఇప్పుడు నా చేతుల్లో ఏముంది?"

సాయంత్రం అక్క అంట్లు తోముతుంటే వెనక నిలబడి చెప్పేసింది. "అక్కా, ఆ తాళం వేసింది నేనే."

అక్క కుళాయి కట్టేసింది. "వాళ్ళు చెయ్యమంటే చేశావా?"

"చెయ్యమన్నారు. కానీ వద్దన్నవాడి నోరు మూయించింది మాత్రం నేనే."

"నిన్నట్నుంచి ఆ కంపెనీవాళ్ళని నోటికొచ్చినట్టు తిడుతున్నాను. అవన్నీ నీకేనన్నమాట." అక్క మళ్ళీ కుళాయి తిప్పి అంట్లు తోముకోసాగింది. నాలుగు తిట్టినా బాగుండుననిపించింది చెల్లెలికి.

పాత సామాన్ల దుకాణాలన్నీ గాలించి, అప్‌డేట్ సోకని పెట్టె ఒకటి పట్టుకొచ్చింది. ప్రోగ్రామ్ కాపీ అక్క దగ్గర ఉంది. కానీ టేపుల నుంచి ఏరిన బావ మాటలు తాళం పడ్డ మొదటి పెట్టెలోనే చిక్కుకుపోయాయి. టేపులు బూజు పట్టాయని అక్క ఎప్పుడో పారేసింది. చేసేదిలేక, కంప్యూటర్లో దొరికే రెడీమేడ్ గొంతు పెట్టారు.

బావ చాలాసేపు ఏరుకుని మీట నొక్కాడు. "గొంతే మారింది మరదలా. మనిషిని నేనే" అంది పెట్టె, రైల్వే స్టేషన్లో ప్రకటన చదివినట్టు. బావ కళ్ళు నవ్వుతున్నాయి.

చెల్లెలు నవ్వబోయింది, చేతకాలేదు. కళ్ళు తుడుచుకుని, వేలాడుతున్న వైరు సర్దబోయింది.

"నువ్వు ముట్టుకోకు" అంది అక్క, గొంతు పెంచకుండానే.

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుని పక్కకు జరిగింది.