మూడువందల పది అడుగుల చెట్టు

అటవీ కార్యాలయంలో పాత రిజిస్టర్లు చూసే గుమాస్తాకు ఆ నెలంతా ఒకటే పని. వెనకటి కొలతలన్నీ వెతికి, ఆ అడవుల్లోనే పుట్టి పెరిగిన అతి ఎత్తయిన చెట్ల జాబితా తయారు చేయాలి. ఆఫీసరు దాన్ని పుస్తకంగా వేయిస్తున్నాడు.

చెదలు కొట్టేసిన ఒక రిజిస్టరులో ఆమె చూపు ఆగిపోయింది. "ఉత్తరపు లోయ, వాగు పక్కన. మూడువందల పది అడుగులు." కింద ఆమె అత్తగారి తండ్రి సంతకం! ఆయన చెట్లు కొలిచే ఉద్యోగి. ఆ చెట్టు సంగతి చెప్పి చెప్పి, ఊరందరిచేతా కోతలరాయుడనిపించుకుని పోయాడు.

ఆఫీసరు ఆ వరుస చదివి నవ్వాడు.

"రెండువందల పది అయ్యుంటుందమ్మా. చెయ్యి జారి మూడు పడింది. కొట్టెయ్."

"అంకెల్లో కాదండీ, అక్షరాల్లో రాశారు."

"అయితే అక్షరాలా కోతే! చెట్టు చూపించు, వేస్తాను. సోమవారం దాకా ఆగుతా."

ఇంట్లో సంగతంతా విన్న అత్తగారు ఉల్లిపాయలు తరగడం ఆపి, "నా బూట్లెక్కడున్నాయో చూడు," అంది.

"మీ మోకాళ్లతో అంత దూరమా అత్తయ్యా?"

"మోకాళ్లు నావి. మాట మా నాన్నది. పద."

ఆదివారం బస్సు దిగి, నాలుగు గంటలు నడిచారు. వాగు దొరికింది గానీ, పక్కన చెప్పుకోదగ్గ చెట్టు ఒక్కటీ లేదు. కోడలి ప్రాణం ఉసూరుమంది. అత్తగారు నాచు పట్టిన గట్టు మీద కూలబడి, చేత్తో తడిమి చూసింది.

"ఏమే, గట్టుకి బెరడుంటుందా?"

అది గట్టు కాదు, మాను. ఏనాటి గాలివానకో వేళ్లతో సహా ఒరిగి, వాగు దాటి అవతలి పొదల్లోకి పడి ఉంది. అత్తగారు వేళ్ల దగ్గర వంద అడుగుల టేపు కొస పట్టుకుంది. కోడలు మోకాలిలోతు నీళ్లలోకి దిగి లాగింది.

"గట్టిగా పట్టుకోండి!"

"పట్టుకున్నా గానీ, నువ్వు సాగదీయకు! మళ్లీ మన వంశానికే మాటొస్తుంది."

ఒక వంద. రెండు వందలు. మూడోసారి ఎనభై నాలుగు దగ్గర మాను విరిగిపోయి ఉంది. పైకొన ఎప్పుడో మట్టిలో కలిసిపోయింది.

ఇరవయ్యారు అడుగులు తక్కువ! అత్తగారు ఏమంటుందోనని కోడలు వెనక్కి వచ్చి చూస్తే, ఆమె మానుకు చెంప ఆనించి ఏడుస్తోంది.

"నిజంగా ఉందే చెట్టు," అంది కళ్లు తుడుచుకుంటూ. "చిన్నప్పుడు నేనూ అందరితో కలిసి నాన్నని చూసి నవ్వాను."

సోమవారం అత్తగారు పిలవకుండానే ఆఫీసుకు వచ్చి కూర్చుంది. ఆఫీసరు కోడలు మాను దగ్గర తీసిన ఫొటోలు తిరగేసి, "మరి ఆ ఇరవయ్యారు అడుగులో?" అన్నాడు.

"తల విరిగింది నాయనా. తల లేని మనిషి ఎత్తు నువ్వెలా రాస్తావు?"

ఆఫీసరుకు నవ్వాగలేదు. పుస్తకంలో రెండు కొలతలూ వేయించాడు: నిలబడి ఉన్నప్పుడు మూడువందల పది, కొన లేకుండా రెండువందల ఎనభై నాలుగు. కొలిచినవారి వరుసలో తండ్రి పేరు పక్కనే అత్తాకోడళ్ల పేర్లు పడ్డాయి.

ఆ సాయంత్రం వేడినీళ్లలో పాదాలు నానబెట్టుకుంటూ అత్తగారు అడిగింది:

"మా నాన్న ఇంకా ఎన్ని చెట్లు రాశాడే?"

"పదకొండు అత్తయ్యా."

"అమ్మో," అంది అత్తగారు. ఒక పాదం నీళ్లలోంచి తీసి తుడుచుకుంటూ, "దగ్గర్లో ఉన్నదేది?" అంది.