నామాలగొర్రె ఉన్ని

నూగు ఎగురుతోంది.

కూర్మమ్మ కోడలు అనిత ఏకుతున్న ఉన్నిలోంచి లేచి, ఎండలో తేలి, మెల్లగా వాలుతోంది. గడప మీద, కుండలో నీళ్ల మీద, చూడవచ్చినవాళ్ల కొత్త బట్టల మీద... ఎవరినీ విడిచిపెట్టడం లేదు.

గజపతినగరం దాటాక రోడ్డు పక్కన ఈశ్వర్ బోర్డు పెట్టాడు. రండి, గొర్రెలను చూడండి, ఉన్ని వడకండి, గొంగళి కొనుక్కోండి. హుద్‌హుద్ తుఫానుకి సగం మంద పోయాక వాడికి తోచిన దారి అది. ఆదివారం వస్తే కార్లు ఆగుతాయి. తల్లి కూర్మమ్మ కదురు పట్టుకుని అరుగు మీద కూర్చుంటే చాలు, ఫొటోలే ఫొటోలు.

ముసలామెకు అది నచ్చింది. అబద్ధమెందుకు, బాగా నచ్చింది.

ఈ ఆదివారం పక్కన చేరింది సింధూరి. ఎనిమిదేళ్లుంటాయి. విజయనగరం నుంచి తల్లి పద్మకుమారితో వచ్చింది. కదురు తిప్పడం చిటికెలో పట్టేసింది.

పోగు తెగితే కూర్మమ్మ వేలు నాలుకకు తాకించి, ఆ తడితో అతుకుతుంది. యాభై ఏళ్ల అలవాటు.

పిల్ల చూసింది.

పిల్లా వేలు నాలుకకు తాకించింది.

"నా తల్లే! అలగే, అలగే..." కూర్మమ్మ మురిసిపోయింది.

తాకించడం, అతకడం. తాకించడం, అతకడం.

కదురు తిరుగుతోంది. నూగు ఎగురుతోంది. దొడ్లో గొర్రెలు ఎందుకో అరవడం లేదు.

బుట్ట అడుగున తెల్లగా ఏదో కనబడింది. నల్ల ఉన్నిలో గుప్పెడు తెలుపు.

కూర్మమ్మ చెయ్యి ఆగిపోయింది.

ఈ మందలో తెలుపున్నది ఒక్కదానికే. నుదుటి నుంచి మెడ దాకా తెల్లని చార... నామాలగొర్రె. గురువారం మేస్తూ మేస్తూనే కూలిపోయింది. ముక్కులోంచి నల్లటి నెత్తురు. గొర్రెల నుంచి మనిషికీ అంటుకునే దొమ్మ రోగం — ఆ మాట ఇంట్లో ఎవరూ పైకి అనలేదు.

అలా చచ్చినదాన్ని ఉన్నితో సహా సున్నం పోసి పూడ్చాలి. ఆ ఉన్ని కదురెక్కకూడదు. ఈ ఇంటి కట్టు అది. కట్టు తప్పిన ఏడాది ఆమె మామ నూకయ్య ముంజేతి మీద నల్లటి పుండు లేచింది. నాలుగో రోజుకి మనిషి లేడు.

పూడ్చేశానన్నాడు ఈశ్వర్. ఉన్ని సంగతి ఆమె అడగలేదు.

అడగాల్సింది.

తల తిప్పి కొడుకు వైపు చూసింది. వాడు కళ్లు దించుకున్నాడు. దగ్గరకొచ్చి గొణిగాడు.

"ఆదివారానికి ఉన్ని సాల్లేదమ్మా. సబ్బేసి ఉతికినాను కదా, ఏటవుతాది? అందరి ముందరా గోల సెయ్యకు."

గేటు దగ్గర మూడు కార్లు. నోరు విప్పితే మళ్లీ ఒక్కటీ ఆగదు. కూర్మమ్మ ఒక్క క్షణం తటపటాయించింది. ఒక్క క్షణమే...

ఆ క్షణంలోనే పిల్ల మళ్లీ వేలు నాలుకకు తాకించింది.

కూర్మమ్మ కొట్టింది. గట్టిగా, వేళ్ల మీద.

"ఏటండీ ఇది! పిల్లని కొడతారా!" పద్మకుమారి పరుగున వచ్చి కూతుర్ని లాక్కుంది.

"ఆస్పత్రికి తీసుకెళ్లమ్మా! అది సచ్చిపోయిన గొర్రి ఉన్ని... నీ కాళ్లట్టుకుంతాను..."

ఈశ్వర్ అడ్డొచ్చాడు. నవ్వాడు కూడా.

"ముసిల్దండీ. మతి సరిగా లేదు."

ఆ మాటే అందరికీ నమ్మబుద్ధయింది.

కూర్మమ్మ కారు వెంట గేటు దాకా పరిగెత్తింది. అరిచింది. అప్పటికే అద్దాలు పైకెక్కేశాయి. వెనక సీట్లో సింధూరి ఏడుస్తోంది. దెబ్బ తగిలిన వేళ్లు మండుతున్నట్టున్నాయి.

ఆ వేళ్లనే నోట్లో పెట్టుకుంది.

కారు మలుపు తిరిగింది.

కూర్మమ్మ రోడ్డు మీద నిలబడిపోయింది. తన నాలుక మీద కూడా పొద్దుటి నుంచీ అదే ఉన్ని రుచి. ఆమెకు దాని సంగతే గుర్తు రాలేదు. పిల్లకి ఎన్ని రోజులో వేళ్ల మీద లెక్క పెట్టుకుంది — సోమ, మంగళ, బుధ...

వెనక, వాకిట్లో, ఇంకో కారు ఆగిన చప్పుడు.

నూగు ఎగురుతూనే ఉంది.