ఉత్త మగ్గం చప్పుడు

వాకిళ్లలో కల్లాపి చల్లే వేళకే గోవర్ధన్ మగ్గం గుంటలోకి కాళ్లు జారవిడిచి కూర్చుంటాడు. చట్రం పట్టుకుని లాగుతాడు, వదులుతాడు. టక్కు, టక్కు. మగ్గం మీద పడుగు లేదు. నాడెలో దారం లేదు. నేసేది గాలిని. ఉగాది ముందు ఆఖరి చీర కోసి ఇచ్చాక షావుకారు మళ్లీ పట్టు ఇవ్వలేదు. మరమగ్గం చీరనే గద్వాల చీరంటే జనం కొంటుంటే ఇక నీతో నాకేం పని అన్నాడు.

అయినా గోవర్ధన్ పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు చప్పుడు చేస్తూనే ఉన్నాడు. ఒకప్పుడు ఆ ఇంట్లో నాలుగు మగ్గాలు ఆడేవి. నలుగురికి కూలి ఇచ్చిన ఇల్లు మూగబోయిందని గల్లీలో ఎవరూ అనుకోకూడదు.

"జర ఆపుతవా ఆ సప్పుడు?" అంది రజని వంటింటి గడపలోంచి. "ఇయాల మీటింగుంది. వర్ష మేడం వస్తది."

"తెల్సు."

"తెల్సుడు గాదు, నోరిప్పాలె. మాకు గతి లేదని నలుగురి ముందర చెప్పాలె. నేను చెప్తే మొగుని ఇజ్జత్ తీసిందంటరు. కౌసల్యమ్మింటికి గిన్నె పట్టుకొని బియ్యానికి పొయ్యేది నేను, నువ్వు గాదు."

వర్ష వనపర్తి పిల్ల. ఏదో సంస్థ తరఫున గల్లీలు తిరుగుతూ ఎవరెంత పేదవాళ్లో లెక్క తీస్తోంది. అందరికన్నా అడుగున తేలిన కొందరికి ఒక పడుగుకు సరిపడా పట్టు, నూలు, జరీ ఊరికే ఇస్తారట. అది దొరికితే మగ్గం మళ్లీ ఆడుతుంది. దొరక్కపోతే ఆత్మకూరులో బామ్మర్ది చూసిపెట్టిన బట్టల దుకాణం ఉంది. కొనేవాళ్లు విప్పి పారేసిన మరమగ్గం చీరలకు మడతలు పెట్టే పని. వస్తాడో రాడో రేపటికల్లా చెప్పమన్నాడు బామ్మర్ది.

టీవీ ఉందా, బండి ఉందా అని ఇంటింటికీ వెళ్లి అడిగితే అబద్ధాలు చెబుతున్నారని ఈసారి పద్ధతి మార్చారు. ఎవరి పేదరికం ఎంతో వాళ్లు కాదు, చుట్టుపక్కల వాళ్లు చెప్పాలి. సంఘం హాలు నేల మీద వర్ష ముగ్గుపిండితో నాలుగు సున్నలు గీసింది. మొదటిది పూట గడవనివాళ్లది, నాలుగోది కలిగినవాళ్లది. ఒక్కో ఇంటి పేరు రాసిన అట్టముక్క పైకెత్తితే, దాన్ని ఏ సున్నలో పెట్టాలో గల్లీ చెప్పాలి. గల్లీ మాట కలవకపోతే ఆ ఇంటివాళ్లు చెప్పాలి.

మొదట్లో నవ్వులాటగానే సాగింది.

"మాసయ్య మామను నాలుగోదాంట్ల పెట్టుండ్రి. బంగారు పన్నుంది!" అన్నారెవరో వెనక నుంచి.

"పీకి అమ్ముదమంటే డాక్టరు పన్ను కంటె ఎక్కువడుగుతుండు," అన్నాడు ముసలి మాసయ్య. ఆయన మొదటి సున్నలోకి పోయాడు. కండెలు చుట్టి బతికే కౌసల్యమ్మ కూడా అందులోకే పోయింది. ఆ సున్న నిండుతున్నకొద్దీ నవ్వులు తగ్గాయి. నూలు కొందరికే వస్తుందని అందరికీ తెలుసు.

అప్పుడు గోవర్ధన్ పేరు వచ్చింది.

"మూడోదాంట్ల పెట్టు బిడ్డా," అన్నాడు మాసయ్య వెంటనే. "నలుగురికి కూలిచ్చిన ఇల్లది. పెద్దమనిషి."

"అవ్, గోవర్ధనన్నకేం తక్కువ!"

గోవర్ధన్‌కు ఒక్క క్షణం ఛాతీ పొంగింది. ఆ వెంటనే వెనక కూర్చున్న రజని గుర్తొచ్చింది. చెప్పాల్సింది చిన్న మాటే. లేవబోయి మళ్లీ కూర్చున్నాడు.

ఇంతలో కౌసల్యమ్మ లేచింది. "మూడోది ఎందుకు? మొదటిదాంట్ల పెట్టు. ఆ మగ్గం మీద పడుగు లేక ఎన్ని నెల్లాయె! రజని ఒక్క పూటే తిని ఉంటది."

గోవర్ధన్ చివాల్న లేచాడు. తను చెప్పాలనుకున్నదీ అదే. ఇంకొకరి నోట వినేసరికి చెంప మీద కొట్టినట్టయింది.

"ఎవలు చెప్పిండ్రు నీకు? రోజు మగ్గం సప్పుడు ఇనవడ్తలేదా?"

ఎవరూ నవ్వలేదు. అది నేతగాళ్ల గల్లీ. బట్ట మీద పడే దెబ్బ వేరు, ఉత్త దెబ్బ వేరు అని అక్కడ పసిపిల్లలకు కూడా తెలుసు. అందరూ తలలు వంచుకుని ముగ్గుకేసి చూస్తున్నారు. ఆ వంచిన తలలు చూశాక గానీ గోవర్ధన్‌కు అర్థం కాలేదు. వీళ్లకు మొదటినుంచీ తెలుసు.

"ఇనవడ్తది," అన్నాడు మాసయ్య మెల్లగా. "రోజు ఇనుకుంటనే ఉన్నం. రాసుకో బిడ్డా, మూడోదే."

"మర్యాద తిని బతుకుతరా మామా వాండ్లు?" అంది కౌసల్యమ్మ.

వర్ష అటూ ఇటూ చూసింది. "మీరే చెప్పండి సార్. మీ మాటే ఖాయం చేస్తాను."

సార్ అంది. అంతమందిలో, నిలబెట్టి.

"మూడోది," అన్నాడు గోవర్ధన్.

అట్టముక్క మూడో సున్నలో పడింది. మాసయ్య గట్టిగా ఊపిరి వదిలాడు. గోవర్ధన్ పరువు దక్కిందనో, మొదటి సున్నలో ముసలాయన చోటు దక్కిందనో ఎవరు చెప్పగలరు? రెండూ అయి ఉంటాయి. మర్యాద ఇస్తే ఎవరి చేతిలోంచీ ఏమీ పోదు.

ఇంటికొచ్చాక రజని తిట్టలేదు. తిట్టినా బాగుండేది. సంచిలో బట్టలు సర్దింది.

"పొద్దున బస్సుకు పో. ఆడ నిన్ను పెద్దమనిషి అననీకె ఎవలు ఉండరు. మడతలు బెట్టు అంటరు. గదే నయం."

మర్నాడు అలవాటు కొద్దీ గుంటలోకి దిగాడు. చేయి చట్రం దాకా పోయి ఆగిపోయింది. ఇంకా ఎవరి కోసం?

బయట పళ్లు తోముకుంటున్న మాసయ్య కేకేశాడు. "గోవర్ధనూ! ఇయాల సప్పుడు లేదేంది? పానం బాగున్నదా?"

ఎగతాళేమో అని గోవర్ధన్ చెవి పెట్టాడు. కాదు. నిజంగానే అడుగుతున్నాడు.

"బాగనే ఉన్న మామా."

ముసలాయన కదల్లేదు. వాకిట్లోనే నిలబడ్డాడు. లోపల రజని సంచి పట్టుకుని చూస్తోంది. గోవర్ధన్ చట్రం లాగి కొట్టాడు. టక్కు. మళ్లీ, టక్కు.

"ఆఁ," అన్నాడు మాసయ్య. పుక్కిలించి ఉమ్మి, చెప్పులీడ్చుకుంటూ పోయాడు. ఆ చెప్పుల చప్పుడు మలుపు తిరిగేదాకా కొట్టి, గోవర్ధన్ గుంటలోంచి లేచి రజని చేతిలోని సంచి అందుకున్నాడు.