ఆఖరి చూపుకు ఎన్ని గంటలు

టీ గ్లాసులు కడుగుతుంటే నాయన వచ్చి పక్కన గొంతు కూర్చున్నాడు.

"సుహానా, కువైట్ నుంచి మద్రాసుకు ఎన్ని గంటలో చూడుమ్మా."

తడి చేతులు తుడుచుకుని ఫోన్‌లో చూశాను. మూడువేల ఏడొందల కిలోమీటర్ల పైనే. విమానంలో ఐదు గంటలు. మద్రాసు నుంచి జమ్మలమడుగు దగ్గర మా ఊరికి కారులో ఎనిమిది. అమ్మ మధ్యాహ్నం విమానం ఎక్కితే తెల్లారేసరికి ఇంట్లో ఉంటుంది. పొద్దున చనిపోయి నట్టింట్లో ఉన్న అవ్వ ముఖం చూసుకుంటుంది. అవ్వ అమ్మను కన్నతల్లి. అమ్మ కువైట్‌లో వేరేవాళ్ళ పిల్లలకు అన్నం పెడుతుంటే, ఇక్కడ ఆరేళ్ళుగా నాకు అన్నం పెట్టింది అవ్వే.

"యాడ వస్తాదిలే! మేడం ఒకసారి ఇడిస్తే మళ్ళా పిలుస్తాదా? సాయంత్రం అసర్ నమాజు కాంగానే మట్టి అని చెప్పు. నేను చెప్తే నమ్మదు, నువ్వు చెప్పు" అన్నాడు నాయన.

అమ్మకు ఫోన్ చేసి చెప్పాను.

"మేడం పొమ్మనిందిమ్మా. రేపు పొద్దున దాకా ఆపమని అడుగు" అని అమ్మ ఏడ్చింది.

"ఆపరంటమ్మా" అన్నాను, ఎవరినీ అడక్కుండానే.

సాయంత్రం బొంబాయి రైల్లో నుంచి జహీర్ మామ ఫోన్ చేశాడు. పొద్దున రైలు దిగుతానన్నాడు. "కొడుకు మట్టి వెయ్యకుండా యెట్లప్పా?" అన్నారు పెద్దోళ్ళు. నాయన కూడా తలూపాడు. కొడుకు కోసం అవ్వ చుట్టూ ఐసు గడ్డలు పేర్చారు.

పొద్దున పక్కింటి సైదున్నీసా పెద్దమ్మ అవ్వకు స్నానం చేయించింది. "కూతురు పోయాల్సిన నీళ్ళే ఇవి. నువ్వన్నా పోయి" అని చెంబు నా చేతికిచ్చింది. పోశాను. మా ఆడవాళ్ళం మట్టికి ఖబరస్తాన్‌దాకా పోము. మాకు ఆఖరి చూపు ఇంట్లోనే. అమ్మకు ఆ చూపు లేకుండా చేసింది నేను.

నాయన చెప్పమన్నాడు కాబట్టే చెప్పానని ఆ రోజు డైరీలో రాశాను. అది సగమే నిజం. అమ్మ పని పోతే కడపలో నా ఇంటర్ చదువు కూడా పోతుంది. కిలోమీటర్లు చూస్తున్నప్పుడే ఆ సంగతి నా మనసులోకి వచ్చింది.

మూడో రోజు అమ్మ ఫోన్ చేసింది. ఫోన్ ఎక్కడో ఆనించి గిన్నెలు తోముతోంది.

"నీళ్ళు ఎవురు పోసినారు?"

"నేనేమ్మా."

"ఏ పొద్దు?"

నాయన గుమ్మంలో నిలబడి ఫోన్ పెట్టెయ్యమని చేత్తో సైగ చేశాడు.

"పొద్దున, ఎనిమిదికి. మామ కోసం ఆపినారు. నువ్వు వచ్చుంటావమ్మా. గంటలు లెక్కేసినాకే నీకు అబద్ధం చెప్పినా. నా కాలేజీ కోసం కూడా."

అటువైపు నీళ్ళ చప్పుడు ఆగిపోయింది. నాయన దగ్గరికొచ్చి చెయ్యి చాచాడు.

నేను ఫోన్ ఇవ్వలేదు.