మూడో పేజీలో లేని ప్రశ్న

టైలరమ్మ కోటు లైనింగు నిజానికి ఒక చిన్న మందుల షాపు. ముప్పై మాత్రలకు ముప్పై అరలు కుట్టుకునేది, పైకి చూస్తే మామూలు కుట్టుపనే. భర్త వెల్డింగు పని చేసే పరాయి దేశానికి చుట్టపుచూపుగా వెళ్లినప్పుడల్లా ఆ కోటే తొడుక్కునేది. రోజూ తెల్లారగానే బాత్రూములో ఒక అర కుట్టు విప్పి, మాత్ర మింగి, ఏమీ ఎరగనట్టు బయటికొచ్చేది. హెచ్.ఐ.వి. ఉన్న విదేశీయులు అక్కడ ఉండకూడదని రూలు. పట్టుబడితే అటునుంచటే విమానం ఎక్కించేస్తారు, మళ్లీ గడప తొక్కనివ్వరు. మందులు వాడుతూ ఆవిడ గుండ్రాయిలా ఉంది. ఆ సంగతి మొగుడికి తెలుసు, రూలుకు తెలియదు. పదకొండేళ్ల కాపురం అలా నెల ముక్కలుగానే సాగింది.

"ఆ రూలు ఎత్తేశారటే. ఈసారి ఉండిపోవడానికే దరఖాస్తు పెడదాం," అన్నాడు భర్త ఫోన్లో.

ఆవిడ నమ్మలేదు. ప్రభుత్వాలు రూళ్లు పెట్టడమే గాని ఎత్తేయడం ఎక్కడ చూసింది గనక? కానీ దరఖాస్తులో జబ్బుందా అన్నచోట ప్రతిసారీ 'లేదు' అని రాసి రాసి విసిగిపోయింది. ఈసారి ఉన్నదున్నట్టు రాసేస్తే తాడో పేడో తేలిపోతుందనుకుని బయల్దేరింది.

అక్కడి వీసా ఆఫీసులో నాలుగు కాగితాల దరఖాస్తు ఇచ్చారు. అన్నీ నింపి, ఎప్పుడూ మూడో పేజీలో ఉండే ప్రశ్న కోసం వేలు పెట్టి వెతికింది. వెనక్కి తిప్పి చూసింది. చివరికి కౌంటర్ దగ్గరికెళ్లి, "ఇందులో ఒక కాగితం తక్కువైందండీ," అంది.

కౌంటర్లో పెద్దాయన లెక్కపెట్టాడు. "నాలుగూ ఉన్నాయి కదమ్మా."

"జబ్బుల గురించి అడిగేది లేదు."

"అది తీసేశారు. ఇప్పుడు మేం అడగం."

"నాకు ఉందండీ," అనేసింది.

"మందులు వాడుతున్నారా?"

"రోజూ."

"మరింకేం. ఇక్కడి ఆసుపత్రిలోనూ ఇస్తారు, పేరు రాయించుకోండి," అంటూ ఆయన ముద్ర వేసేశాడు.

పదకొండేళ్లు నిద్ర లేకుండా చేసిన వాక్యాన్ని ఎక్కడో ఎవరో ఒక్క గీతతో కొట్టేశారు. ఆ మనిషి ఆ సాయంత్రం మామూలుగా ఇంటికెళ్లి భోంచేసి ఉంటాడు. ఇంత పెద్ద పని ఇంత చప్పుడు లేకుండా జరుగుతుందా అని ఒళ్లు జలదరించింది.

"నెల రోజులేనా అండీ?" అనడిగింది అలవాటు కొద్దీ.

"మీ ఆయన ఇక్కడ ఉన్నన్నాళ్లూ, అమ్మా."

బయట బెంచీ మీద భర్త గోళ్లు కొరుక్కుంటూ కూర్చున్నాడు. పక్కనే కూలబడింది.

"ఏమన్నారే?"

"కుట్టుమిషను తెచ్చుకోవాలి. కిటికీ పక్కన చోటుందా?" అంది.

ఆయన ముఖం చేతుల్లో పెట్టుకుని ఏడ్చేశాడు.