మాస్టరమ్మ మెడనొప్పి

"ఆ ఉద్యోగం మానేస్తే నీ రోగాలన్నీ వాటంతటవే పోతాయి," అన్నాడు భర్త, విప్పిన చొక్కా ఆమె చేతిలో పెడుతూ. ఆ చొక్కా జేబులు తడిమి చూసి ఉతికేది ఆమే, ఆరేసేది ఆమే, ఇస్త్రీ చేసి హ్యాంగరుకి తగిలించేదీ ఆమే. వాటిలో ఏదీ మానెయ్యమని ఆయన అనలేదు. అత్తగారు వెంటనే వంత పాడింది. "ఆడదానికి ఆ కత్తులూ, మగాళ్ళ మధ్య ఆ అరుపులూ ఎందుకమ్మా! ఇంటిపట్టున ఉంటే హాయిగా ఉంటావు." హాయట, హాయి! ఆ ఇంట్లో ఆమెకి హాయిగా కూర్చునేందుకు ఓ కుర్చీ అయినా లేదు.

రోగాలు లేకపోలేదు. పొద్దున లేస్తూనే మెడ కొయ్యబారి ఉండేది. కడుపులో ఒకటే మంట. పక్క మీద వాలితే చాలు, రేపటి వంట, అత్తగారి మాత్రలు, కూతురి స్కూల్లో మీటింగు, అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి కూర్చునేవి. నిద్ర ఎటు పోయేదో పోయేది. పరీక్షలన్నీ చేయించిన డాక్టరు బీపీకి మాత్ర రాసి, "టెన్షన్ తగ్గించుకోండి" అన్నాడు. తగ్గించే మందెక్కడ దొరుకుతుందో మాత్రం రాసివ్వలేదు మహానుభావుడు.

చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో ఆమె కటింగ్ మాస్టరు. అక్కడందరూ మాస్టరమ్మ అంటారు. పొడుగాటి బల్ల మీద బట్టను పొరలు పొరలుగా పరిచి, పైన చాక్‌తో గీసి, కరెంటు కత్తితో ఆ దొంతరంతా ఒక్కసారే కోయాలి. చెయ్యి నూలుపోగంత జరిగిందా, మొత్తం పీలికలే. ఆ బల్ల ముందు అంతకుముందు ఆడమనిషి నిలబడిందే లేదు. మొదట్లో ముసిముసిగా నవ్వినవాళ్ళే ఇప్పుడు గళ్ళకి గళ్ళు కలిసేలా కోయాల్సిన బట్ట వచ్చిందంటే "మాస్టరమ్మని రానివ్వండ్రా" అని పక్కకి తప్పుకుంటున్నారు. అది చూస్తే ఆమెకి గర్వం. ఎందుకుండకూడదు? ఎవరో ఇచ్చింది కాదు, చెమటోడ్చి తెచ్చుకుంది.

అలాంటి చెయ్యి ఓ రోజు తప్పింది. చొక్కా చేతికి నమూనా అట్ట ఒకటే ఉంటుంది. ఒకసారి గీశాక దాన్ని తిరగేసి మళ్ళీ గీస్తేనే కుడిదీ ఎడమదీ వస్తాయి. సరిగ్గా తిరగేసే వేళకి ఫోన్ మోగింది. "నా నీలం సాక్సు ఎక్కడ పెట్టావ్?" అల్మరాలో, కింది అరలో, టవళ్ళ పక్కన. చెప్పి ఫోన్ పెట్టేసి, అట్ట తిరగేయకుండానే గీసేసింది. కోసేసింది. దొంతరంతా కుడి చేతులే! కుట్టేవాళ్ళు పకపకా నవ్వి, ఆమె మొహం చూసి ఠక్కున ఆపేశారు. ఓనరు తిట్టలేదు. "నెల్రోజులు సెలవు పెట్టి విశ్రాంతి తీసుకోమ్మా" అన్నాడు. తిట్టినా బాగుండేది, ఆ జాలికే ఆమె ప్రాణం చచ్చిపోయింది. ఇంట్లో ఈ సంగతి తెలిసి భర్త, "చూశావా, నే చెప్పలా!" అన్నాడు. సాక్సు సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

కుట్టేవాళ్ళలో ఒకామె ఆక్యుపంక్చర్ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. "సూదులు గుచ్చుతారు, భయపడకండి" అంటే మాస్టరమ్మకి నవ్వాగలేదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ సూదుల మధ్యే బతికిన మనిషి! కానీ ఇవి వెంట్రుకల్లా ఉన్నాయి. బొటనవేలి పక్కన, మణికట్టు దగ్గర, కనుబొమల మధ్య, పాదాల మీద. చీమ కుట్టినట్టయి, ఆ చోటంతా మెల్లగా బరువెక్కింది.

"గ్యారంటీ ఇవ్వనండీ," అంది డాక్టరమ్మ. "కొంతమందికి నొప్పి తగ్గుతుంది, నిద్ర పడుతుంది. బీపీ మాత్ర మాత్రం మానకండి. ఎప్పుడూ ఎవరో తరుముకొస్తున్నారన్నట్టు ఒళ్ళు బిగబట్టుకుని ఉంటే గుండె, కడుపు, నిద్ర అన్నీ దెబ్బతింటాయి. ఇంతకీ మెడ ఎప్పుడు పట్టేస్తుంది?"

"పని దగ్గరే" అనబోయింది. ఇంట్లో అందరూ అనేది అదేగా. నోటిదాకా వచ్చి ఆగిపోయింది. బల్ల దగ్గర కత్తి పట్టుకున్నప్పుడు ఆమెకి మెడ అనేది ఒకటి ఉందనే గుర్తుండదు. మరెక్కడ? బస్సు దిగి, తమ వీధి మలుపు తిరిగే చోట. అక్కడ మొదలై, తలుపు తీసేసరికి చెవుల దాకా పాకుతుంది. ఇన్నేళ్ళూ ఇంత చిన్న విషయం తనని తాను అడగనందుకు ఆమెకి ఒళ్ళు మండింది.

నాలుగు వారాలు తిరిగేసరికి నిద్ర కాస్త పడుతోంది. ఓ సాయంత్రం సూదులతో వెల్లకిలా పడుకుని ఉండగా ఫోన్ మోగింది. చేతులు కదపకూడదాయె. డాక్టరమ్మ స్పీకర్ పెట్టి పక్కనుంచింది.

"ఇంకెంతసేపు? అమ్మ టీ కోసం చూస్తోంది. అన్నట్టు, మీ ఓనరుతో నేనే మాట్లాడేశాలే. సెలవయ్యాక ఇంక రాదని చెప్పేశా. నీకా తలనొప్పి ఎందుకని."

ఇంకో రోజైతే మింగలేక కక్కలేక "సరే, వస్తున్నా" అనేది. లేచి పరిగెత్తేది. ఇప్పుడు లేవడానికి లేదు. పరిగెత్తే దారి లేకపోయేసరికి, నోటికి మాట దొరికింది.

"మళ్ళీ ఫోన్ చెయ్యండి ఆయనకి. నన్నడక్కుండా చెప్పానని చెప్పండి. నేను సోమవారం వస్తున్నానని కూడా."

"ఏంటా మొండితనం! నీ ఆరోగ్యం కోసమేగా..."

"నా మెడ పట్టేసేది బల్ల దగ్గర కాదండీ. మన వీధి మలుపులో. ఆ బల్ల దగ్గర నేను మాస్టర్ని. దాన్ని వదలను."

"మరి టీ ఎవరు పెడతారు?" అని అత్తగారి గొంతు దూరంగా వినిపించింది. ఫోన్ కట్టయింది.

డాక్టరమ్మ ఒక్కో సూదీ తీసింది. "కాసేపు పడుకుంటానంటే పడుకోండి, మీ తర్వాత పేషెంట్లెవరూ లేరు" అని దీపం తగ్గించి వెళ్ళింది. మెడ కింద దిండు మెత్తగా ఉంది. అటూ ఇటూ తిప్పి చూసుకుంది. తిరుగుతోంది. తను అన్న మాటలే మళ్ళీ మనసులో అనుకుని చూసుకుంది, ఒక్కటీ వెనక్కి తీసుకోవాలనిపించలేదు.

ఫోన్ మళ్ళీ మోగింది. ఈసారి తనే తీసింది.

"చెప్పేశాలే మీ ఓనరుకి," అన్నాడు భర్త, గొంతు తగ్గించి. "సోమవారం రమ్మన్నాడు. ఇంకా సూదులు తియ్యలేదా?"

"ఎప్పుడో తీసేశారండీ," అంది ఆమె. "నేనే లేవలేదు."